పాట చివర ఆ ఒక్క మాట

వెర్డెల్ టిబ్స్ గొంతు ఇండియానా నుంచి అయోవా దాకా తెల్లవాళ్ళ హాలుగదుల్లో గిరగిరా తిరిగింది. మనిషి మాత్రం కార్వర్స్‌బర్గ్ హోటలు లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నుంచి కదల్లేదు. ఆ గొంతూ ఈ మనిషీ ఒకటేనని తెలిసినవాళ్ళు ఊళ్ళో పదిహేనుమందికి మించి లేరు. వాళ్ళలో ఒక్కరూ వీధిలో నోరు విప్పలేదు. ఆ విప్పనివాళ్ళలో వెర్డెల్ కూడా ఉంది. నాకు కడుపు మండేది అక్కడే.

ఆమె పుట్టింది మా ఊరి నదికి అవతల, కెంటకీ పొగాకు చేల మధ్య. నాన్న ఆమెకు గుర్తే లేడు. అమ్మ లూవీనియమ్మను మాత్రం మరిచిపోగలిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. అక్కడి చర్చిలో పాటల పుస్తకం ఒక్కటే ఉండేది. చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అందుకని ఒకరు లేచి నిలబడి పాటలో ఒక్కో పంక్తీ అందివ్వాలి, మిగతావాళ్ళు అందుకుని సాగదియ్యాలి. ఆ అందించే పని లూవీనియమ్మది. ఆమెకు పుస్తకం అక్కర్లేదు, చదవనూ రాదు. రెండు వందల పాటలు నోటికి వచ్చు. పాట ముగిసి జనం ఊపిరి పీల్చుకునే లోపల, గొంతు బాగా తగ్గించి, తనలో తాను అనుకున్నట్టు "ఊఁ... అవును ప్రభువా" అనేది. ఆ మాట ఏ పాటలోనూ లేదు. అలా అంటున్నట్టు ఆమెకే తెలియదు.

నాలుగేళ్ళు వచ్చేసరికి వెర్డెల్‌కి అది అంటుకుంది. చర్చి పాటైనా, గిన్నెలు తోముతూ పాడుకునే పిచ్చిపాటైనా, ఆఖర్న ఆ మాట పడాల్సిందే. "మా పిల్లకి నా ముక్కు రాలేదు, నా ఎత్తు రాలేదు. అదొక్కటి మాత్రం వచ్చి చచ్చింది" అని లూవీనియమ్మ అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

వెర్డెల్ రూఫస్ టిబ్స్‌ని పెళ్ళి చేసుకుని నది దాటి వచ్చింది. రూఫస్ మాట తక్కువ మనిషి. డన్‌మోర్ పియానో కంపెనీలో చేరాడు. ఆ కంపెనీవాళ్ళు పియానోలతోపాటు గ్రామఫోను రికార్డులు కూడా చేసేవాళ్ళు. రూఫస్ పని రికార్డులు అచ్చొత్తే గదిలో. కరిగిన లక్క ముద్దను అచ్చుల మధ్య పెట్టి, పైన పేరు కాగితం అమర్చి, ఆవిరి మరతో నొక్కడం. ఉంటున్న ఇల్లు కూడా కంపెనీదే. కళ్ళు పూర్తిగా కనిపించడం మానేశాక లూవీనియమ్మ కూడా వాళ్ళ దగ్గరికే వచ్చేసింది. వచ్చిన నెలకే మా పైన్ వీధి నల్లవాళ్ళ చర్చిలో పంక్తులు అందించే చోటు ఆమెదైపోయింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో దగ్గుని బట్టి చెప్పేది. "కళ్ళు పోతే పోనీయండర్రా, చెవులున్నాయి. ఈ చెవులు ఇప్పటిదాకా నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు" అనేది.

ఇక వెర్డెల్ సంగతి. హోటల్లో వారం వారం డాన్సులకు వాయించే తెల్ల బ్యాండు ఒకటి ఉండేది. దాని పెద్ద హ్యూబర్, కోర్నెట్ అనే బాకా వాయిస్తాడు. ఒకరోజు చొక్కాలకు గంజి ఎక్కువైందని దెబ్బలాడ్డానికి లాండ్రీలోకి దిగి, ఆవిరి మధ్య వెర్డెల్ పాడుకుంటుంటే విని గుమ్మంలోనే ఆగిపోయాడు. దెబ్బలాట మరిచిపోయాడు.

"ఏయ్, నీ పేరేంటి? డన్‌మోర్‌లో మాకు ఎల్లుండి రికార్డింగుంది. పాడాల్సిన పిల్లకి గొంతు వాచింది. వస్తావా?"

"నేనా? మీ బ్యాండుతోనా? దొరగారూ, ఎండదెబ్బ గానీ తగిలిందా?"

"ఆ గదికి కిటికీల్లేవులే" అన్నాడు హ్యూబర్.

నిజంగానే లేవు. అందుకే అది సాధ్యమైంది. హోటలు డాన్సు హాలు ముందు గుమ్మం వెర్డెల్ తొక్కకూడదు. బ్యాండువాళ్ళు తాగే గ్లాసులో నీళ్ళు తాగకూడదు. కిటికీల్లేని ఆ గదిలో మాత్రం ఎనిమిది మంది తెల్లవాళ్ళ ముందు నిలబడి పాడొచ్చు. తలుపు మూసి ఉంటే మనుషులు ఎంత మంచివాళ్ళో! ఆ మంచితనంలో నటన ఏమీ లేదు, ఆ కాసేపు అది నిజమే. తలుపు తీశాకే అసలు తంటా.

జులై నెల. పాటని పట్టే మైనపు పళ్ళెం మెత్తగా ఉంటేనే ముల్లు గీత గీస్తుంది కాబట్టి గదిలో పొయ్యి రాజేసి ఉంచారు. దొరలంతా బనీన్లతో నిలబడి చెమటలు కక్కుతున్నారు. గోడలోంచి పెద్ద రేకు గరాటా ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. అందులోకి తల పెట్టి పాడాలి. రికార్డు చేసే ఓస్గుడ్ అనే ముసలాయన సుద్దముక్కతో నేల మీద గీత గీసి, ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు.

"పై స్వరాల దగ్గర ముల్లు మైనాన్ని చీల్చేస్తుంది. అందుకని పాడేవాళ్ళని వెనకనుంచి ఎవరైనా భుజాలు పట్టుకుని లాగాలి. మామూలుగా మేమట్లాగే చేస్తాం."

గదిలో ఎవరూ కదల్లేదు. బ్యాంజో ఆయన పైకప్పు చూశాడు. ఇంకొకాయన జోడు ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఎవరి చెయ్యి నల్లమనిషి భుజం మీద పడాలి, పడితే సాయంత్రం మిగతా ఏడుగురూ ఏమంటారు, ఇదీ వాళ్ళ గొడవ.

"నన్నెవరూ లాగక్కర్లేదు దొరగారూ. మా చర్చి కప్పు చేతికి అందుతుంది, గొంతు పెంచితే దద్దరిల్లిపోతుంది. ఎక్కడ వెనక్కి జరగాలో చిన్నప్పట్నుంచీ అలవాటే" అంది వెర్డెల్.

పాట పేరు 'ఏటి గట్టున దీపం'. మొదటి పళ్ళెం బొగ్గు రైలు పాడుచేసింది. గోడకి అవతలే పట్టాలు. రెండోది క్లారినెట్ ఆయన దగ్గు పాడుచేసింది. వేడి చేసి ఉంచిన పళ్ళేల్లో ఇక మిగిలింది ఒక్కటే. ఆ మూడోసారి వెర్డెల్ మొదటి చరణం తల లోపల పెట్టి గుసగుసగా పాడి, పైకెక్కేచోట ఒకటిన్నర అడుగు వెనక్కి జరిగి, దిగేటప్పుడు మళ్ళీ గీత మీదికి వచ్చింది. ఓస్గుడ్ ముఖంలో నవ్వు పూసింది. పాట అయిపోయింది. ముల్లు ఎత్తేదాకా ఎవరూ ఊపిరి కూడా తియ్యకూడదు. అందరూ రాళ్ళలా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో, గరాటాలో తల ఉండగానే, వెర్డెల్ తనకు తెలియకుండా "ఊఁ... అవును ప్రభువా" అనేసింది.

పక్కనున్న హ్యూబర్‌కే వినపడలేదు. మైనాన్ని వెనక్కి తిప్పి వింటే గీతలు చెరిగిపోతాయి కాబట్టి వినే వీలూ లేదు. నెల తర్వాత నమూనా రికార్డు అచ్చయి వచ్చాకే బయటపడింది. డన్‌మోర్ మేనేజరు ప్రూయిట్ ఆమెను కబురు పెట్టి పిలిపించాడు.

"పాట బ్రహ్మాండంగా వచ్చింది వెర్డెల్. ఆ చివర్న మూలుగేంటి?"

"తెలీకుండా వచ్చేసిందయ్యా. మళ్ళీ పాడమంటే పాడతాను."

"ఆ, ఇప్పుడు మళ్ళీ ఎవడు పాడిస్తాడు! ముల్లు గోకిందనుకుంటార్లే. ఇంకెప్పుడూ రానీకు." ఒక కాగితం ముందుకు తోశాడు. "సంతకం పెట్టు."

వెర్డెల్ చదవడం వచ్చిన మనిషి. చదివింది. రికార్డు మీద వేసే పేరు మిస్ క్లేర్ డీన్. పాడింది తనేనని ఎక్కడా చెప్పకూడదు. ఆ పాట నలుగురిలో పాడకూడదు. ప్రకటనలో వేసిన బొమ్మ, ఆఫీసులో టైపు కొట్టే పసుపు జుట్టు పిల్లది.

"నా పేరు ఎక్కడ వస్తుందయ్యా?" అని అడిగింది. ఆమెకు కావాల్సింది అదొక్కటే. గుండ్రటి కాగితం మీద, మధ్య చిల్లుకి కింద, 'వెర్డెల్ టిబ్స్' అన్న రెండు మాటలు. ఆ కాగితం రూఫస్ చేత్తో అతికించాలని కూడా అనుకుంది.

"తెల్ల బ్యాండు ముందు నువ్వు పాడావని తెలిస్తే దక్షిణాది కొట్లవాళ్ళు పెట్టెలు విప్పకుండా తిప్పి పంపుతారు. హ్యూబర్‌ని హోటలు వాళ్ళు గెంటేస్తారు. మీవాళ్ళు కొనే రికార్డులకి మాకు వేరే జాబితా ఉందిగా? అందులో నీకు విడిగా రికార్డు చేద్దాం. నీ పేరు పెట్టే చేద్దాం. ఓపిక పట్టు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అన్నట్టు రూఫస్ బాగా పని చేస్తున్నాడు. ఇల్లు బాగుందా? కప్పు కారట్లేదుగా?"

"కారట్లేదయ్యా" అని వెర్డెల్ సంతకం పెట్టింది.

రికార్డు గాలిలా పోయింది. రూఫస్ మరకి రోజంతా అదే పని. ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటూ అన్నాడు. "ఆరొందలసార్లు ఆ పేరు కాగితం అతికించా ఇవాళ. ప్రతిసారీ దాన్ని బోర్లించి అతికిద్దామనిపించింది."

"అతికించి?"

"అతికించి ఎక్కడుంటాం?"

ఆ మాట మళ్ళీ వాళ్ళ మధ్య రాలేదు. ఇంట్లో గ్రామఫోను లేదు. ఆ రికార్డు ఇంట్లోకి రాకుండా వెర్డెల్ జాగ్రత్త పడింది. అమ్మకు చెప్పలేదు. చెబితే లూవీనియమ్మ ఆదివారం ఆరాధన మొదలవకముందే గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పేస్తుంది. అలాంటి సంతోషాన్ని దాచడం ఆమె వల్ల కాదు.

లాండ్రీలో పక్క బల్ల మోజెల్‌ది. మోజెల్ మంచిదే, నోరే ఊరుకోదు. గురువారాలు ప్రూయిట్ ఇంట్లో కూడా ఇస్త్రీ చేస్తుంది కాబట్టి, మన వీధిలో ఏం జరిగినా గురువారానికల్లా ఆ వంటగదికి చేరుతుంది. ఒకరోజు వెర్డెల్ పరధ్యానంగా ఆ పాట కూనిరాగం తీసింది. మోజెల్ ఇస్త్రీపెట్టె ఠక్కున దింపింది.

"ఓయబ్బో! క్లేర్ డీన్‌వి అయిపోదామనే? అనుకరించడం బాగానే ఉంది గానీ వదినా, ఆవిడ గొంతులో ఆ తేనె నీకెక్కడిది? తెల్లావిడైనా మనవాళ్ళ దగ్గరెక్కడో దొంగిలించిందనుకో. అయినా ఆవిడ ఆవిడే!"

వెర్డెల్ నవ్వింది. ఇంకేం చేస్తుంది? చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు ఉండిపోయి గోధుమరంగు మచ్చ పడింది.

ఆ తర్వాత ఇంకో ఆరు పాటలు క్లేర్ డీన్ పేరుతో పాడింది. పాట చివర ఆ మాట రాకుండా ఓస్గుడ్ పెదాల మీద వేలు పెట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. అయినా వస్తుందేమోనని ఆమె పాట ముగియగానే చేతిరుమాలు నోట్లో కుక్కుకునేది. నాలుగో పాటకి రుమాలు పళ్ళ మధ్యనే ఉంది గానీ కొరకాల్సిన పని పడలేదు. ఆరో పాటకి రుమాలు ఇంటి దగ్గరే మరిచిపోయి వెళ్ళింది. నోరు దానంతటదే మూసుకుంది.

రెండేళ్ళు గడిచాక ప్రూయిట్ దగ్గరికి వెళ్ళి అడిగింది. "నా పేరుతో చేద్దామన్నారు కదయ్యా."

"చేద్దాం. కానీ ఆ గొంతుతో కుదరదు. రెండు జాబితాల్లో ఒకే గొంతు వినపడితే పసిపిల్లాడు కూడా పట్టేస్తాడు. ఆ గొంతు క్లేర్ డీన్‌ది. నువ్వు వేరేగా పాడు. కొంచెం మొరటుగా, బొంగురుగా. మీవాళ్ళకి అట్లాగే ఇష్టం కదా."

మావాళ్ళకి ఏం ఇష్టమో ప్రూయిట్‌కి ఎవరు చెప్పారో నాకు తెలియదు. వెర్డెల్ మాత్రం ప్రయత్నించింది. ఆ గరాటా ముందు నిలబడి, సొంత పేరు కోసం, తనది కాని గొంతుతో పాడబోయింది. ఎండుటాకులు తొక్కినట్టు వచ్చింది. సగంలోనే ఓస్గుడ్ ముల్లు ఎత్తేశాడు.

"ఇది నువ్వు కాదమ్మా" అన్నాడు. ఆమెను ఆయన అమ్మా అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ మైనాన్ని చెక్కి మళ్ళీ నున్నగా చేశారు. వెర్డెల్ లాండ్రీకి వెళ్ళిపోయింది.

ఆ యేడు ఆకురాలే కాలంలో మా చర్చి వార్షికోత్సవం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కింది గదిలో భోజనాలు. వేయించిన చేపలు, మొక్కజొన్న రొట్టెలు, నాలుగు రకాల పీచ్ పళ్ళ వంటకాలు. లూవీనియమ్మకి పొయ్యి దగ్గర ఊగే కుర్చీ వేశారు. రూఫస్ బల్లలు మోస్తున్నాడు. మోజెల్ అప్పు తెచ్చిన గ్రామఫోను ఒకటి బల్ల మీద పెట్టి, నలుగురినీ పిలిచి మరీ, చాటింపు వేసి రికార్డు ఎక్కించింది. మొదటి వాయిద్యం మోగగానే వెర్డెల్‌కి తెలిసిపోయింది. చేతిలో చేపల పళ్ళెం ఉంది. దాన్ని దించలేదు.

'ఏటి గట్టున దీపం' మొదలైంది. లూవీనియమ్మ కుర్చీ ఊగడం ఆగింది. తల ఒక పక్కకి వాల్చి, చెవి ముందుకి పెట్టి వింటోంది. అందరూ కాళ్ళతో తాళం వేస్తున్నారు. పాట ముగిసింది. ముల్లు గరగరలాడుతుంటే, ఆ గరగరల కింద, వినీ వినపడకుండా ఆ మాట వచ్చింది.

లూవీనియమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"అదిగో! అది మా పిల్ల!"

గదంతా గొల్లున నవ్వింది. "ఆవిడ తెల్లావిడ లూవీనియమ్మా. కాగితం మీద బొమ్మ కూడా ఉంది, పసుపు జుట్టు" అంది మోజెల్.

"నీ కాగితం నాకెందుకే? వినలేదూ చివర్న? వెర్డెల్! ఎక్కడున్నావే? ఇటు రా. చెప్పు వీళ్ళకి. నువ్వే కదూ?"

నవ్వులు తగ్గాయి. అందరూ వెర్డెల్ వైపు తిరిగారు. ఆమె రూఫస్ వైపు చూసింది. రూఫస్ బల్లని సగం ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. మోజెల్ నోరు తెరుచుకుని చూస్తోంది. గురువారానికి నాలుగు రోజులే ఉన్నాయి. రెండేళ్ళుగా ఏ పేరు కోసం ఎదురుచూసిందో, ఆ పేరు పెట్టి కన్నతల్లి అందరిలో పిలుస్తోంది. ఒక్క అవును చాలు. ఆ అవునుతో ఇల్లు పోతుంది, రూఫస్ పని పోతుంది, ఈ ముసలిదాన్ని చలికాలంలో ఎక్కడ పెట్టాలో తెలియదు.

"కాదమ్మా. ఎవరో క్లేర్ డీన్ అంట" అంది వెర్డెల్.

"కాదా?"

"కాదు."

కాసేపటికి మోజెల్ ఇంకో రికార్డు పెట్టింది. లూవీనియమ్మ కుర్చీ మాత్రం మళ్ళీ ఊగలేదు. ఇంటికి వస్తూ దారిలో, కూతురి చెయ్యి పట్టుకుని, తాపీగా అంది. "కళ్ళు పోయినప్పుడు ఏడవలేదే నేను. చెవులున్నాయి కదా అనుకున్నా. అవి కూడా పోయాయన్నమాట."

పై ఆదివారం పాస్టరు గారు పంక్తి అందించమంటే లేవలేదు. "ఇంకెవరికైనా చెప్పండి నాయనా. నాకు వినపడేది సరిగ్గా ఉందో లేదో నాకే తెలీట్లేదు. తప్పు అందిస్తే మందిరం అంతా తప్పు పాడుతుంది." ఆ తర్వాత వారం కూడా అంతే. ఎవరైనా గుమ్మంలో దగ్గితే "ఎవరూ?" అని అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఆ మాట అడగ్గా మేమెవరమూ వినలేదు.

వెర్డెల్ నెల రోజులు తట్టుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం, రూఫస్ పనిలో ఉండగా, ఇంటి కిటికీలు మూసి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, ఆ రోజు అబద్ధం చెప్పాను. అది నేనే. కంపెనీవాళ్ళతో ఒప్పందం ఉంది, చెబితే ఇల్లు పోతుందని భయపడ్డాను. నీ చెవులకేం కాలేదు. నువ్వు విన్నది నన్నే."

లూవీనియమ్మ చెయ్యి చాపి కూతురి తల వెతుక్కుని నిమిరింది.

"నా మీద జాలేసి చెబుతున్నావు. పిచ్చిదానా, నేనేమీ అనుకోలేదులే."

"జాలి కాదే! ఒట్టు. ఉండు, పాడతాను. విను."

ఆ పాట నలుగురిలో పాడకూడదని కాగితంలో ఉంది. ఇక్కడ నలుగురు లేరు. వెర్డెల్ మొదటి పంక్తి నుంచీ పాడింది, గరాటా లేకుండా, గీత లేకుండా, వెనక్కి జరగాల్సిన పని లేకుండా. రెండేళ్ళలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. లూవీనియమ్మ తల ఒక పక్కకి వాల్చి, ఆ రోజులాగే చెవి ముందుకి పెట్టి వింది. ముఖం వెలుగుతూ వచ్చింది. పాట ముగిసింది. ముసలామె కదలకుండా ఎదురుచూసింది. వెర్డెల్ కూడా ఎదురుచూసింది. నోరు తెరవబోయింది. కానీ అది కావాలని అనే మాట కాదు. ఎప్పుడూ దానంతటదే వచ్చేది. పెదాలు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

లూవీనియమ్మ మెల్లగా వెనక్కి వాలింది.

"ఎంత బాగా దించేశావే ఆవిణ్ణి! అచ్చం ఆవిడే అనుకో" అంది. కూతురి చెంప తడిమింది. "కానీ చివర్న ఆ మాట నువ్వు అనలేదు. చూశావా? ఆవిడైతే అంటుంది."